మా వదినకి వచ్చిన మాట

మా వదిన దగ్గరికి కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కొలతలిచ్చి ఊరుకోరు. "అక్కా, మావాడికి ఈసారైనా ఉద్యోగం వస్తుందంటావా? ఒక్కసారి అడిగి చెప్పవూ" అంటారు. అడగడమంటే దేవుణ్ణి. వదిన మెడలో టేపు వేలాడుతూనే ఉంటుంది, నోట్లో గుండుసూదులు ఉంటూనే ఉంటాయి. "ఊఁ" అని తలూపుతుంది. నోట్లో సూదులుంటే ఎవరైనా తక్కువే మాట్లాడతారు. వీళ్లు మాత్రం దాన్ని కూడా భక్తి కింద జమకట్టి వెళ్తారు.

నేను ఆవిడ ఆడపడుచుని. కింద ముందుగదిలో కుట్టు దుకాణం, వెనక గదుల్లో ఆవిడ, మేడమీద నేనూ మా ఆయనా. మా అన్నయ్య పోయాక ఆ దుకాణాన్ని ఒక్కతే నిలబెట్టుకుంది మహాతల్లి. స్కూలు యూనిఫారాలు, ఆసుపత్రి కోట్లు, పెళ్లి గౌన్లు, ఏదిస్తే అది. ఆవిడ వేసిన కాలరు ఇటు తిప్పి అటు తిప్పి చూసినా వంక దొరకదు. వంకలు వెతకడంలో నాకున్న పేరు మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

దేవుడి మాట ఆవిడకి వస్తుందని పేరెలా వచ్చిందంటే, ఒకసారి పక్క వీధి ఆవిడ మొగుడు అలిగి ఇల్లొదిలి పోయాడు. ఆవిడొచ్చి దుకాణంలో కూలబడి ఏడిస్తే, వదిన మిషను ఆపి, తలమీద గుడ్డ కప్పుకుని, చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది. తర్వాత "వస్తాడు. తలుపు గడియ పెట్టకు" అంది. వచ్చాడు. ఆకలేసి వచ్చాడని నా అభిప్రాయం. కానీ నా అభిప్రాయం అడిగేదెవరు? ఆ రోజు నుంచీ వదిన మాటంటే మా చర్చి సంఘంలో బైబిలు వాక్యం తర్వాత అంతటిది అయిపోయింది.

అలాగని వదిన దొంగభక్తురాలు అనుకోకండి, నేను ఊరుకోను. తెల్లారేసరికి మిషను ముందు స్టూలు మీద కూర్చుని, చేతులు రెండూ చెక్క మీద వెల్లకిలా పెట్టి ప్రార్థన చేసుకునేది. అడిగేది తక్కువ, వినేది ఎక్కువ. "అంతసేపు ఏం వినిపిస్తుంది వదినా?" అని ఒకసారి అడిగాను. "గొంతేమీ వినిపించదే. ఒక్కోసారి ఒక మాట లోపల కుదురుగా కూర్చుంటుంది. ఎంత కదిపినా కదలదు. అది ఆయనదే అనుకుంటాను" అంది. నాకు లోపల ఏదీ కుదురుగా కూర్చోదు. అందుకని కాస్త అసూయ కూడా పడ్డాను.

పిచ్చుక సంగతి చెప్పాలి. వదిన చెల్లెలి కూతురు. తల్లి జబ్బుచేసి పోతే, చిన్నప్పుడే వదిన దగ్గరికి చేరింది. సన్నగా ఉంటుంది, నోరు మూతపడదు, అందుకని పిచ్చుక. వదినని పెద్దమ్మా అనీ నన్ను అత్తా అనీ పిలుస్తుంది. దాని వేళ్లలో ఏముందో గానీ గుండీల కాజాలు కుడితే అచ్చు మిషనుతో వేసినట్టే ఉంటాయి. దుకాణంలో సన్నపని అంతా దానిదే. అందులో ఒక గుట్టుంది. నాకు తర్వాత తెలిసింది గానీ దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు, ఇప్పుడే చెప్పేస్తున్నాను. వదినకి చూపు మందగించింది. సూదిబెజ్జం ఆనదు, నల్లదారం ఏదో నీలిదారం ఏదో తెలియదు. ఆ సంగతి పిల్లకీ ఆవిడకీ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే గిరాకీలు పక్క దుకాణానికి పోతారని ఆవిడ భయం. పిల్ల నోరు మూసుకుని ఉన్నదంటే ఆ ఒక్క విషయంలోనే.

ఇలా ఉండగా ఒక డాక్టరుగారు తెగిపోయిన బెల్టొకటి కుట్టించుకోవడానికి వచ్చాడు. కాలు లేనివాళ్లకి పెట్టుడు కాలు బిగించే బెల్టు. పిచ్చుక దాన్ని కుడుతూ, ఇది ఒంటికి ఎక్కడ ఒరుసుకుంటుంది, ఎవరు కట్టుకుంటారు, నొప్పెడితే ఏం చేస్తారు అని ఆయన్ని ప్రశ్నలతో చంపేసింది. ఆయనకి అది నచ్చింది. వేరే ఊళ్లో వాళ్ల పెద్దాసుపత్రిలో పెట్టుడు కాళ్లూ చేతులూ తయారుచేయడం నేర్పే చోటుంది, అక్కడే ఉండి నేర్చుకోవచ్చు, దరఖాస్తు పెట్టుకోమన్నాడు. పెట్టుకుంది. సీటొచ్చింది. ఆ రోజు మేడమెట్లు ఎక్కుతూ పడి, మోకాలు చెక్కుకుపోయినా నవ్వుతూనే నా గదిలోకి వచ్చింది. "అత్తా, నేను కాళ్లు చేస్తాను!" అని అరిచింది. వస్తున్నదీ లేనిదీ వెంటనే చెప్పమన్నారట.

"పెద్దమ్మ ఏమంది?" అన్నాను.

"కూడికలో పెడదాం, దేవుడేమంటాడో చూద్దాం అంది."

మా స్త్రీల కూడిక శుక్రవారం మధ్యాహ్నం, చర్చి పక్కగదిలో. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకుంటాం. ఎవరికైనా ఏదైనా తేల్చుకోవాల్సింది ఉంటే ముందు ఆ విషయం చెబుతారు. తర్వాత అందరం కళ్లు మూసుకుని కనిపెట్టే ప్రార్థన చేస్తాం. అంటే ఎవరూ నోరు తెరవకూడదు, ఆయన మాట్లాడేదాకా కాచుకుని ఉండాలి. అయ్యాక వరసగా ఎవరికి ఏం వచ్చిందో చెప్పాలి. వదిన పెద్దది కాబట్టి ఆవిడతో మొదలు. ఆవిడ చెప్పాక పక్కావిడ "నాకూ అదే అక్కా" అంటుంది. ఆ పక్కావిడ "నాకూ అదే". గుండ్రంగా తిరిగి నా దగ్గరికి వస్తుంది. నాకు ఆ కాసేపూ నడుం నొప్పి, ఇంట్లో స్టవ్వు కట్టానా లేదా అన్న అనుమానం తప్ప ఏమీ రాలేదు ఎప్పుడూ. అయినా "నాకూ అదే" అంటాను. ఏమీ రాలేదంటే నా భక్తి మీద నలుగురూ నాలుగు రకాలుగా అనుకోరూ!

ఆ శుక్రవారం పిచ్చుక నిలబడి సంగతి చెప్పింది. చెబుతుంటే దాని మొహం వెలిగిపోతోంది. పాస్టరుగారి తల్లి మామ్మ గోడవారన కూర్చుని ఉంది. ఆవిడకి చెవులు బొత్తిగా వినపడవు. చెవి మిషనుంది గానీ అది కీచుమంటుందని సంచీలో పడేసుకుంటుంది. "ఏంటంట?" అని నన్ను గోకింది. నేను ఆవిడ చెవిలో, చర్చి కప్పు ఎగిరేలా, "పిల్లకి సీటొచ్చింది మామ్మా! వేరే ఊరు! పంపాలా వద్దా అని!" అని అరిచాను. ఆవిడ తలూపి కళ్లు మూసుకుంది.

అందరం కాచుకున్నాం. ఫాను కిర్రుకిర్రుమంటోంది. చివరికి వదిన దగ్గి గొంతు సవరించుకుంది.

"నా మనసుకి సమాధానం కలగడం లేదమ్మా. ఇది సమయం కాదనిపిస్తోంది. ఆగమంటున్నాడు" అంది.

"నాకూ అదే అక్కా" అంది పక్కనే ఉన్న టీచరమ్మ. "నాకూ అదే" అంది బేకరీ ఆవిడ. నా దాకా వచ్చింది. పిచ్చుక మొహం చూశాను. వెలుగు పోయింది గానీ ఏడవడం లేదు, బుద్ధిగా వింటోంది. నాకు గుండె చివుక్కుమంది. అయినా నా నోరు అలవాటైపోయిన ఆ మాటే అనేసింది. ఛీ, ఏం నోరు నాది!

నా తర్వాత మామ్మ. ఆవిడకి మేమన్నదేదీ వినపడలేదు కదా. కళ్లు తెరిచి, చెవిటివాళ్లు మాట్లాడేంత గట్టిగా, "పంపండి. ప్రభువు కాదనడు. పిల్ల వెళ్లాలి" అంది.

అందరూ కిసుక్కుమన్నారు. బేకరీ ఆవిడ వంగి ఆవిడ చెవిలో, "కాదు మామ్మా, ఆగమని వచ్చింది!" అని అరిచింది.

"ఎవరికి వచ్చింది?"

"అక్కకి! ఆవిడకే ముందు వచ్చింది!"

మామ్మ వదిన వైపు తిరిగి చూసింది. కోపం లేదు, వెటకారం లేదు, నిజంగానే అర్థంకాక అడుగుతున్నట్టుంది. "పిల్ల ఆవిడ ఇంటి పిల్లే కదమ్మా. తన ఇంటి సంగతి తానే అడిగి తానే జవాబు చెప్పుకుంటే, ఇక ప్రభువుకేం పని?"

ఒక్కరూ నవ్వలేదు. వదిన మొహం నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది. పాస్టరుగారి భార్య, మా పాస్టరమ్మ, గబగబా కీర్తన ఎత్తుకుంది, మేమందరం కావలసినదానికంటే గట్టిగా పాడాం.

మర్నాడు పొద్దున నేను గుండీలు తెచ్చుకుందామని దుకాణంలోకి దిగేసరికి పిచ్చుక ఫోనులో ఉంది. ఇస్తిరి చేస్తోంది కాబట్టి ఫోను బల్ల మీద పెట్టి స్పీకరులో మాట్లాడుతోంది. వదిన మిషను దగ్గర కోటు చెయ్యి అతుకుతోంది.

"రావడం లేదా? ఎందుకమ్మా?" అంటున్నాడు డాక్టరుగారు.

"మా పెద్దమ్మ ప్రార్థన చేసింది సార్. వద్దని వచ్చింది."

"ఏం వచ్చింది?"

"దేవుడు వద్దన్నాడు సార్. నాకేం బాధ లేదు. దేవుడికి తెలుసు కదా సార్ మనకేది మంచిదో."

వదిన మిషను ఆగిపోయింది. ఆ పిల్ల అంత నిమ్మళంగా, అంత నమ్మకంగా అంటుంటే, ఏడ్చినా బాగుండేది అనిపించింది నాకు. ఫోను పెట్టేసి, ఏదో పాట కూనిరాగం తీస్తూ, ఇస్తిరి చేసిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్లిపోయింది. వదిన చేతిలో కోటు చెయ్యి తిరగేసి అతుక్కుని ఉంది. ఆవిడ దాన్ని చూస్తూ కూర్చుంది.

"వదినా, చెయ్యి తిరగబడింది" అన్నాను.

"తెలుసు" అంది. అని తల మిషను మీద పెట్టేసింది. భుజాలు అదురుతున్నాయి. మా అన్నయ్య పోయినప్పుడు కూడా ఆవిడ నా ముందు ఇలా ఏడవలేదు. కళ్ల సంగతి అప్పుడు చెప్పింది. పిల్ల వెళ్లిపోతే దుకాణం మూసుకోవాల్సిందే, తనెవరికీ భారం కాకూడదు, తనకి ఇంకేం చేతనవును, అన్నీ చెప్పింది.

"మరి నిన్న కూడికలో ఏం వచ్చింది నీకు?"

"ఏం రాలేదే. కళ్లు మూసుకున్నాను. ఇది పోతే సూదిలో దారం ఎవరెక్కిస్తారు, అదొక్కటే వినిపించింది. అది నా గొంతే. పొరపాటుపడ్డాను అని కూడా అనలేను. నోరు తెరిచే ముందే నాకు తెలుసు. తెలిసీ ఆయన పేరు పెట్టాను." ముక్కు చీదుకుంది. "ఆ పిల్ల దేవుడికి తెలుసు కదా సార్ అంటుంటే నేల చీలిపోయి లోపలికి పోతే బాగుండుననిపించింది."

నాకు కోపం ముంచుకొచ్చింది. కోపమొస్తే నాకు తోచే సలహాలు కూడా అలాగే ఉంటాయి. "ఇందులో ఏడవడానికేముంది? ఆ డాక్టరుకి ఫోను చెయ్యి. పిల్లతో, మళ్లీ ప్రార్థన చేశాను, ఈసారి వెళ్లమని వచ్చింది అను. పీడా పోతుంది. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

ఆవిడ ఫోను చేసింది. డాక్టరుగారు మంచాయన, వారంపాటు సీటు ఎవరికీ ఇవ్వనన్నాడు. సాయంత్రం పిచ్చుకని కూర్చోబెట్టి మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"అమ్మా, ఇవాళ మళ్లీ ప్రార్థన చేశాను..."

"ఏమన్నాడు పెద్దమ్మా?" పిల్ల ముందుకు వంగింది. కళ్లు ఇంతింత చేసుకుని వదిన నోటి వైపే చూస్తోంది. ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా ఉంది.

వదిన "ఇంకా ఏం చెప్పలేదు" అని లేచి వెనకగదిలోకి వెళ్లిపోయింది. నేను వెనకాలే వెళ్లి "ఏమైంది నీకు?" అని గదమాయించాను. "ఒకసారి ఆయన్ని నా పనికి వాడుకున్నాను. మళ్లీ వాడుకోమంటావా?" అంది. నాకు చెంపమీద కొట్టినట్టయింది. ఆ సలహా ఇచ్చింది నేనే మరి.

తర్వాతి శుక్రవారం దాకా ఆవిడ తెల్లారుజామున మిషను ముందు కూర్చోలేదు. పిల్ల దగ్గరికొస్తే ఏదో పని వెతుక్కుని పక్కకి పోయేది. కూడికకి రాదేమో అనుకున్నాను. వచ్చింది. విషయాలు అడగకముందే నిలబడింది.

"నేనొకటి చెప్పాలి. పోయిన వారం ఈ పిల్ల గురించి ఆగమన్నది దేవుడు కాదు. నేను. నా కళ్లు కనబడటం లేదు. అది వెళ్లిపోతే నాకు జరగదని ఆయన పేరు చెప్పి ఆపాను."

 పిచ్చుక తలుపు దగ్గర కుర్చీలో ఉంది.  పాస్టరమ్మ "సరే అక్కా, ఒప్పుకున్నావు, ప్రభువు క్షమిస్తాడు, కూర్చో" అని సర్దబోయింది. కానీ టీచరమ్మ లేచి నిలబడింది.

"అయితే నాకు చెప్పింది? అప్పట్లో నాకొచ్చిన సంబంధం వద్దని వచ్చిందన్నావు. ఆయన ఇంకొకావిణ్ణి చేసుకుని పిల్లలతో ఉన్నాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. అది ఆయన మాటా, నీ మాటా?"

"అప్పుడు ఆయనదే అనుకున్నానమ్మా. ఇప్పుడు ఒట్టేసి చెప్పమంటే చెప్పలేను" అంది వదిన. 

"మా అత్తగారిని తెచ్చి ఇంట్లో పెట్టుకోమన్నది?" అంది బేకరీ ఆవిడ. "అది కూడా నువ్వే అయితే ఇప్పుడే చెప్పక్కా, సాయంత్రానికి బండి మాట్లాడతాను."

ఇంకెప్పుడైనా అయితే పడీపడీ నవ్వేవాళ్లం. ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు, ఆవిడ ఒక్కొక్కరికీ "తెలియదమ్మా" అంటోంది, ప్రతిసారీ ఇంకాస్త వంగిపోతోంది. నాకూ అడగాలనే ఉంది. మా ఆయనతో సర్దుకుపొమ్మని వచ్చిందని ఒకప్పుడు నాతోనూ అంది. కానీ వాళ్లలా మీద పడుతుంటే నా ఒళ్లు మండిపోయింది.

"ఆవిణ్ణి దులిపేస్తున్నారు సరే," అని లేచాను, "మనకి ఏం వచ్చింది? పోయిన వారం నాకూ అదే, నాకూ అదే అన్నాం కదా అందరం? ఎవరికి వచ్చింది? చెప్పండి! నాకైతే చచ్చినా ఏమీ రాలేదు. ఎప్పుడూ రాలేదు. మీలో ఎవరికి వచ్చింది?"

ఒక్కరూ నా కళ్లలోకి చూడలేదు. టీచరమ్మ కుర్చీలో కూర్చుని చేతులు చూసుకుంటోంది. బేకరీ ఆవిడ చెవులు ఎర్రగా అయిపోయాయి. నావీ అలాగే ఉండి ఉంటాయి, మండుతున్నాయి. మామ్మ "ఏమంటోంది? ఏమైంది?" అని అందరి మొహాలూ చూసింది. ఎవరూ ఆవిడ చెవిలో చెప్పలేదు. పాపం, సంచీలో చెవి మిషను కోసం వెతుక్కుంటోంది.

అప్పుడు పిచ్చుక లేచింది. నేను దాని గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

"పెద్దమ్మా, అమ్మ పోయిన రోజు నేను ఏడుపు ఆపలేదు కదా. అప్పుడు నువ్వు నన్ను ఒళ్లో పెట్టుకుని, మీ అమ్మ భయపడకుండా వెళ్లింది, దేవుడే నాకు చెప్పాడు అన్నావు. అది?"

వదిన తల పైకెత్తింది. అవునని ఒక్క మాట అంటే చాలు. నేనైతే అనేసేదాన్ని, దేవుడి మీదొట్టు, కళ్లార్పకుండా అనేసేదాన్ని. మిగతావాళ్లు కూడా అనమనే ఆవిడ వైపు చూస్తున్నారు.

"నువ్వు వెక్కి వెక్కి ఊపిరాడక నీలంగా అయిపోతున్నావమ్మా" అంది వదిన. "ఏదో ఒకటి చెప్పాలి. నోటికొచ్చింది చెప్పాను. ఆయనే అనిపించాడేమో. నేనే అన్నానేమో. నాకు తెలియదు తల్లీ."

పిచ్చుక "సరే" అని, తలుపు తీసుకుని బయటికి వెళ్లింది. వదిన దాని వెనకాల వెళ్లబోయి, కుర్చీ తగిలి, ఆ చూపుతో దారి సరిగా ఆనక, గోడ పట్టుకుని ఆగిపోయింది. నేను వెళ్లి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను.

పిల్ల తనే డాక్టరుగారికి ఫోను చేసింది, తనే సంచీ సర్దుకుంది. వెళ్లేలోపు దుకాణంలో ఉన్న కాజాలన్నీ కుట్టేసింది. వదినతో మాట్లాడటం మానలేదు. అన్నం తిన్నావా, మందు వేసుకున్నావా, అన్నీ అడిగింది. కిచకిచలు మాత్రం లేవు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు తెలియదు. వదిన "నన్ను తిట్టవే" అని ఒకసారి అడిగింది కూడా. "నువ్వే కదా పెంచావు" అంది అది, అంతే.

బస్టాండుకి ముగ్గురం వెళ్లాం. సంచీ పైన పెట్టించి, కిటికీ పక్క సీట్లో కూర్చుంది. వదిన కిటికీ కింద నిలబడి, చెయ్యి పైకి చాచి కడ్డీ పట్టుకుంది. భయం భయంగా అడిగింది, ఆవిడ ఎవరినీ ఎప్పుడూ అలా అడగలేదు.

"నీ కోసం ప్రార్థన చేసుకోవచ్చా అమ్మా?"

పిచ్చుక ఆ చేతి మీద చెయ్యి వేసింది.

"చెయ్యి పెద్దమ్మా. రోజూ చెయ్యి" అంది. "ఆయనేమన్నాడో మాత్రం నాకు చెప్పకు."

డ్రైవరు హారను కొట్టాడు. వదిన సరేనని తలూపి, కడ్డీ వదిలేసింది.